తని మొదలవగానే క్యాంటీన్‌కి లేచేవాళ్ళ కోసం: మైలాపూర్‌లో ఒక లయ క్లాసు

మైలాపూర్‌లో కపాలీశ్వరుడి కోనేటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక పాత మేడ మీద, ఆదివారం పొద్దున కర్ణాటక సంగీతం లయ క్లాసు జరుగుతుంది. మృదంగం నేర్పరు. నోటితో కొన్నక్కోల్ (మృదంగం దెబ్బల్ని మాటలుగా చెప్పడం), చేత్తో తాళం, పెన్సిల్‌తో లెక్క, అంతే. బయట బోర్డు లేదు, పేరు లేదు, అందరూ ‘సండే క్లాస్’ అంటారు. నెలకు రూ. 2,000. పాడేవాళ్ళకీ, వాయించేవాళ్ళకీ, నాలాగా వినడానికే సభల చుట్టూ తిరిగేవాళ్ళకీ ఒకటే బ్యాచ్. పాఠం తెలుగులో చెబుతారు కాబట్టి మద్రాసులో ఉన్న మనవాళ్ళకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: చేరండి. కొన్ని విషయాల్లో మాత్రం ఒళ్ళు మండుతుంది, అవీ చెబుతాను.

మాది గూడూరు. పెళ్ళయి మాంబళం వచ్చిన దగ్గర్నుంచీ డిసెంబరు కచేరీల సీజన్ వదల్లేదు. ఉద్యోగం ఆడిట్ ఆఫీసులో. రాగం పట్టుకోవడం కాస్తో కూస్తో వచ్చు, సాహిత్యం ఎలాగూ మన భాషే. ఇక తని ఆవర్తనం అంటారా, మృదంగం ఒంటరిగా అందుకోగానే పావు వంతు హాలు లేచి క్యాంటీన్ దారి పడుతుందే, అందులో నేనూ ఉండేదాన్ని. కూర్చున్నవాళ్ళు మాత్రం తొడ మీద తాళం వేసుకుంటూ, చివర్లో ఎక్కడో ‘ఆహా’ అని ఒక్కసారిగా తల ఊపేవాళ్ళు. వీళ్ళకి ముందే ఎలా తెలుస్తుంది, ఇప్పుడు సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడబోతోందని? ఆ దుగ్ధతోనే చేరాను.

ఇంతకు ముందు ఒక ఆన్‌లైన్ కోర్సుకి డబ్బు కట్టాను. పేరు అనవసరం. అందులో వీడియో పెట్టి ఈ జతి (తకధిమి లాంటి మాటల వరస) బట్టీ పట్టండి, ఆ జతి బట్టీ పట్టండి అన్నారు. ఎందుకు అక్కడ మొదలైందో, ఎందుకు ఇక్కడ ముగిసిందో ఒక్క ముక్క చెప్పలేదు. ఈ క్లాసు సరిగ్గా ఆ ‘ఎందుకు’ దగ్గరే మొదలవుతుంది.

మాస్టారి పూర్వులు ఎప్పుడో తంజావూరు వైపు స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే కానీ చదువంతా తమిళం. అందుకని ఆయన తెలుగులో ‘కణక్కు’ (లెక్క) పడుతుంది, ‘ఎడుప్పు’ (పాట ఎత్తుకునే చోటు) పడుతుంది, మధ్యలో మన చిన్నప్పటి ‘క.సా.గు.’ కూడా పడుతుంది. ఎదురుగా ఒక చెక్కపలక, చేతిలో కర్రముక్క. ఫోన్లో తాళం యాప్ తీస్తే ఊరుకోరు. “చెయ్యి ఉందిగా అమ్మా, అది ఛార్జింగ్ అడగదు” అంటారు.

మొదటి పాఠం గళ్ళ నోట్‌బుక్‌లోనే. ఆది తాళానికి 8 అక్షరాలు: ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. చతురశ్ర గతిలో ఒక్కో అక్షరానికి నాలుగు మాత్రలు, తకధిమి. అంటే ఒక ఆవర్తనానికి, తాళం ఒక చుట్టు తిరగడానికి, 32 గళ్ళు. వరసకి ఒక ఆవర్తనం చొప్పున గీసుకోమన్నారు. ఇప్పుడు ఆ గళ్ళలో ‘తక తకిట’ నింపుకుంటూ పొమ్మన్నారు. అది ఐదు మాత్రల ఖండం. ఆరుసార్లు పడేసరికి 30 అయింది, రెండు గళ్ళు మిగిలాయి. ఏడో తకతకిట ఈ వరసలో మొదలై కింది వరసలోకి జారింది. సమం దగ్గర మాట విరిగింది. రెండో వరస చివర 4 మిగిలాయి, మూడో వరసలో 1, నాలుగో వరసలో 3, ఐదో వరసలో సున్నా. 160వ గడిలో తాళమూ మాటా ఒకేసారి ముగిశాయి. మిగులుగా రాగలిగిన ప్రతి అంకె ఒక్కొక్కసారి వచ్చి పోయిందన్నమాట.

తర్వాత ‘తకిట తకిట’, ఆరు మాత్రలు. మిగుళ్ళు 2, 4, సున్నా. మూడే ఆవర్తనాల్లో అయిపోయింది. నా పక్కన కూర్చునే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒకాయన పెన్సిల్ పక్కన పెట్టి, “ఐదు కంటే ఆరు పెద్దది కదండీ, త్వరగా ఎలా కలిసింది?” అన్నారు. మాస్టారు జవాబు చెప్పలేదు. బోర్డు మీద 32 రాసి, “విడగొట్టండి” అన్నారు. రెండు, రెండు, రెండు, రెండు, రెండు. “ఇప్పుడు ఆరుని విడగొట్టండి.” రెండు, మూడు. “మీ ఆరులో తాళం దగ్గర లేనిది ఏది?” మూడు. “అందుకే మూడు ఆవర్తనాలు. రెండు ఎలాగూ తాళంలో ఉంది, దానికి కొత్తగా ఖర్చు లేదు.”

నాకు ఈ ఒక్క మాటతో రెండు వేలు గిట్టుబాటైపోయాయి. ఆరో తరగతిలో నిచ్చెనలాగా గీత గీసి, ఎడమ పక్కన 2, 2, 3 అని రాసుకుంటూ క.సా.గు. కట్టాం కదా, ఎందుకు కడుతున్నామో ఎవరైనా చెప్పారా? ఇక్కడ అది చెవికి వినిపిస్తుంది. మాట ఎంత పొడుగుందన్నది కాదు సంగతి, అందులో తాళానికి లేని ప్రధాన కారణాంకం ఏముందన్నదే. 12 మాత్రల మాటైనా, 24 మాత్రల మాటైనా ఆదిలో మూడే ఆవర్తనాలు. 10కి ఐదు, 20కీ ఐదే. 7కి ఏడు, 14కీ ఏడే. స్కూలు పిల్ల ఒకమ్మాయి, ఎనిమిదో తరగతి అనుకుంటాను, ఠక్కున “అయితే 15కి పదిహేనా సార్?” అంది. అంతే మరి, మూడూ లేదు, ఐదూ లేదు, 480 గళ్ళు నింపాలి. ఆ పిల్ల ఇంటి దగ్గర నిజంగానే నింపుకొచ్చింది.

అదే మాటని వేరే తాళంలో పెడితే లెక్క తిరగబడుతుంది. మిశ్ర చాపు 14 మాత్రలు, అంటే ఏడు రెండుసార్లు. అక్కడ ఏడు మాత్రల ‘తకిట తకధిమి’ సొంతింట్లో ఉన్నట్టు సరిగ్గా రెండుసార్లు పడుతుంది. ఆదిలో బుద్ధిగా కూర్చునే తకధిమికి అక్కడ రెండు ఆవర్తనాలు కావాలి, 28 దగ్గర గానీ కలవదు. ఖండ చాపు 10 మాత్రల్లోనూ తకధిమిది అదే అవస్థ, 20కి కలుస్తుంది. ఏ మాట ఏ తాళంలో కుదురుగా ఉంటుంది, ఏ తాళంలో గింజుకుంటుంది అన్నది ముందే అంచనా వెయ్యడం రెండు మూడు వారాల్లో వచ్చేస్తుంది. జాతులు (మాత్రల లెక్కన నడకలు) ఐదే ఎందుకు, 3, 4, 5, 7, 9 మాత్రమే ఎందుకు, 6, 8 ఎందుకు లేవు అని అడిగాను. ఆరు రెండు మూళ్ళు, ఎనిమిది రెండు నాలుగులు, కొత్త నడక ఏమీ రాదన్నారు. మరి తొమ్మిది మూడు మూళ్ళేగా అంటే నవ్వి, “నాలుగూ ఐదూ కలిపి నడిపి చూడండి, మూడులా వినిపిస్తుందేమో” అన్నారు. తకధిమి తకతకిట. నిజమే, వినిపించలేదు. ఇది లెక్కకి లొంగని జవాబే, అయినా నాకు నచ్చింది.

క్లాసులో అసలు సరుకు ముక్తాయింపులు. కచేరీలో స్వరకల్పన (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు) చివర, తని చివర ఒకే మాటని మూడుసార్లు చెప్పి పాట ఎత్తుగడ మీద దిగుతారు. మూడుసార్లు అంటే చిక్కు అక్కడే ఉంది. ఆది 32లో మూడు లేదు. ముప్పై రెండుని మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది. ఆ రెండుని ఏం చెయ్యాలి? మూడు మాటల మధ్య సందులు ఎన్ని? రెండు. తలా ఒక మాత్ర విరామం పడేస్తే పోయె. పది, ఒకటి, పది, ఒకటి, పది. మొత్తం 32. ఆయన కర్రతో పలక మీద తాళం కొడుతూ తక తకిట తక తకిట, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అదే, ఆగి, మళ్ళీ అదే చెప్పి సమం మీద దిగినప్పుడు మా బ్యాంకాయన గట్టిగా ‘శభాష్’ అన్నారు. మాస్టారు “నాకు కాదండీ, శేషానికి చెప్పండి” అన్నారు.

మా ఆఫీసులో బ్యాంకు స్టేట్‌మెంటునీ లెడ్జర్నీ కలిపేటప్పుడు చివర రెండు రూపాయలు తేడా వస్తే ఎక్కడో పడేయడానికి చోటు వెతుకుతాం. దొరికితే ఆ రోజుకి టీ రుచే వేరు. ఇదీ అదే పని. కాకపోతే ఇక్కడ తేడాని దాచరు, దాన్నే అందరికీ వినిపించేలా నిశ్శబ్దంగా మార్చి చూపిస్తారు.

ఆ తర్వాత మాతోనే పట్టీ వేయించారు. మూడు మాటలు, రెండు విరామాలు కలిపి 32 కావాలి. మాట 10 అయితే విరామం 1, మాట 8 అయితే 4, 6 అయితే 7, 4 అయితే 10, 2 అయితే 13. ఎంత గింజుకున్నా బేసి అంకె మాట కుదరదు. ఎందుకంటే రెండు విరామాలు ఎప్పుడూ సరి సంఖ్యే, 32 సరి సంఖ్యే, మధ్యలో మూడు బేసులు కలిస్తే బేసి వస్తుంది. అలాగని ‘త ది గి ణ తోం’ ఐదు మాత్రలది, కచేరీల్లో దాన్ని వినని రోజే ఉండదు, మరి అదెలా పడుతోంది? సమం దగ్గర మొదలుపెట్టరు, అంతే. విరామం రెండు మాత్రలు అనుకుంటే ఐదు, రెండు, ఐదు, రెండు, ఐదు, మొత్తం 19. 32లోంచి 19 తీస్తే 13. మూడు అక్షరాలు వదిలి, ఇంకో మాత్ర ఆగి అందుకుంటే సమానికి చేరతారు. సభలో ఎప్పుడు విన్నా ఆ మాట ఎక్కడో అడ్డదిడ్డమైన చోట మొదలైనట్టు అనిపించేది. అడ్డదిడ్డం కాదు, వెనక నుంచి కొలుచుకొచ్చిన చోటు.

పాట ఎత్తుగడ సమం మీద కాకుండా అర అక్షరం తర్వాత ఉంటే? 34 నింపాలి. మాట 10, విరామం 2. ఒకటిన్నర అక్షరాల తర్వాత ఉంటే 38. మాట 12, విరామం 1, లేదా మాట 10, విరామం 4. చూశారా, పది మాత్రల అదే మాట, విరామం 1, 2, 4 అని మార్చుకుంటూ పోతే మూడు రకాల ఎత్తుగడలకి సరిపోయింది. ఇది తెలిశాక కచేరీలో గాయని స్వరాలు పాడుతుంటే నేను విరామాలు వింటున్నాను. మాట ఎలాగూ వినిపిస్తుంది, కొలత అంతా ఆ ఖాళీలో ఉంది.

పెరిగే వరసల మీద ఒక ఆదివారం మొత్తం గడిచింది. ఐదు, ఏడు, తొమ్మిది కలిపితే 21. మూడుసార్లు చెబితే 63. రెండు ఆవర్తనాలు 64. ఒక మాత్ర ఆగి మొదలుపెడితే చాలు. ఆ ‘ఒక్క మాత్ర ఆగడం’ మా బ్యాచ్‌లో ఇంజినీరింగ్ చదివే మృదంగం కుర్రాడికి తప్ప ఎవరికీ మొదట్లో పట్టుబడలేదు. కాగితం మీద ఒకటే గడి, నోట్లో మాత్రం అది ఒకసారి పొడుగవుతుంది, ఒకసారి మాయమవుతుంది.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన పాఠం. తని చివర మోహరా అనే ముగింపు వరస అయ్యాక కోర్వైని, అంటే లెక్క కట్టి అల్లిన ఆఖరి జతిని, మూడుసార్లు వాయిస్తారు కదా, అది అలవాటా, అవసరమా? మాస్టారు రెండు తాళాలు పక్కపక్కన పెట్టి తేల్చారు. ఆదిలో కోర్వై పొడుగు 32కి గుణిజం కాకపోతే మూడుసార్లు కాదు కదా తొమ్మిదిసార్లు వాయించినా సమానికి రాదు. మూడుతో ఎన్నిసార్లు హెచ్చవేసినా కొత్తగా వచ్చేది మూడే, తక్కువైంది రెండు. అదే రూపకంలో, మామూలుగా మూడు దెబ్బలుగా వేసుకునే 12 మాత్రల రూపకంలో, 20 మాత్రల కోర్వై తీసుకోండి. మొదటిసారి అయ్యేసరికి ఆవర్తనంలో ఎనిమిదో మాత్ర దగ్గర ఉంటాం, రెండోసారికి నాలుగో మాత్ర దగ్గర, మూడోసారికి 60, సరిగ్గా ఐదు ఆవర్తనాలు, సమం. అంటే ఆదిలో మూడుసార్లు అన్నది అందం కోసం, రూపకంలో లెక్కే దాన్ని అడగగలదు, ఎందుకంటే పన్నెండులో మూడు ఉంది. ఆదిలోనే తిశ్ర గతికి మారినప్పుడు కూడా ఇదే కథ. 32 మాత్రల కోర్వైని అక్షరానికి మూడు చొప్పున చెబితే పదిన్నర దాటి ఎక్కడో తెగుతుంది, మూడుసార్లు చెబితే 96 మాత్రలు, 32 అక్షరాలు, నాలుగు ఆవర్తనాలు చక్కగా నిండుతాయి.

మొన్న సీజన్లో ఒక మధ్యాహ్నం కచేరీలో రూపకంలో తని పడింది. మొదటిసారి కోర్వై సమానికి రాకుండా ముగియగానే వెనక వరసలో ఎవరో ‘తప్పిందా?’ అన్నారు. నేను వేళ్ళు ముడుచుకుని ఆగాను. మూడోసారికి దిగింది. క్యాంటీన్ బోండాలు చల్లారిపోయి ఉంటాయి, పోనీ.

ఇప్పుడు ఒళ్ళు మండే సంగతులు. డిసెంబరులో క్లాసు ఉండదు. మాస్టారే కచేరీల్లో తిరుగుతుంటారు. సరిగ్గా నేర్చుకున్నది వాడుకునే నెలలో, సందేహాలు వచ్చే నెలలో, ఆదివారం ఖాళీ. ఫీజు మాత్రం ఆ నెలకి సగం కట్టాలట. అడిగితే ‘గది అద్దె’ అన్నారు. మైలాపూర్ అద్దెలు తెలిసినదాన్ని కాబట్టి వాదించలేదు గానీ నచ్చలేదు. జిరాక్సు నోట్సుకి వేరే డబ్బు, అందులో మిశ్ర చాపు పేజీలో అచ్చుతప్పు: మాట 4, విరామం 2 అని ఉంది. కలిపితే 16 వస్తుంది, తాళం 14. విరామం 1 ఉండాలి. రెండు బ్యాచ్‌లుగా అదే తప్పు తిరుగుతోందట, ఎవరూ దిద్దలేదు. లెక్కే పాఠమైన చోట ఇది క్షమించరానిది. నేను పెన్నుతో దిద్ది ఇచ్చాను, కొత్త జిరాక్సులో వస్తుందో లేదో చూడాలి.

ఇంకో మాట. పెన్సిల్ పని ఎక్కువ, నోటి పని తక్కువ. పట్టీలో ‘మాట 2, విరామం 13’ కూడా సరైన లెక్కే, అలా ఎవరైనా వాయిస్తే జనం నిద్రపోయాడనుకుంటారు. ఏ లెక్క అందంగా ఉంటుంది, ఏది ఉత్త లెక్కే అన్నది మాస్టారికి చెవిలో ఉంది గానీ మాకు విడమరిచి చెప్పరు. “పాడి చూడండి, తెలుస్తుంది” అంటారు. పాడేవాళ్ళకి తెలుస్తుందేమో, నాలాంటి శ్రోతకి పక్కన ఒకరు వాయించి చూపించాలి. నెలకోసారైనా మృదంగం గదిలోకి తెస్తే బాగుంటుంది. ఖండ గతి, మిశ్ర గతి పాఠాలు కూడా పరుగు మీద ముగించారు. ఆది ఖండ గతిలో 40 మాత్రలు, మాట 12 విరామం 2 లేదా మాట 10 విరామం 5 అని బోర్డు మీద రాసి వదిలేశారు. అక్షరానికి ఐదు చొప్పున నడవడమే మాకు ఇంకా రాలేదు, అందులో ముక్తాయింపు ఎక్కడ?

ఎవరు చేరాలి? పాడడం నేర్చుకుంటూ స్వరకల్పన దగ్గర ఆగిపోయినవాళ్ళు తప్పకుండా చేరండి. నాలాంటి శ్రోతలు కూడా. నాట్యం నేర్చుకునే పిల్లల తల్లులు ఇద్దరు వస్తున్నారు, జతుల లెక్క తెలిసి పిల్లలతో సమానంగా వాదిస్తున్నారట. లెక్కలంటే భయమున్నవాళ్ళు వెనకాడక్కర్లేదు, ఎక్కాలు వస్తే చాలు. ఒట్టి మృదంగం వాయించడం కావాలంటే ఇది చోటు కాదు. పదేళ్ళలోపు పిల్లల్ని పంపకండి, గంటన్నర నేల మీద కూర్చోవాలి.

మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఆలోచించుకోండి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, ఎలక్ట్రిక్ రైల్లో వచ్చి నడవడం మేలు. క్లాసు తొమ్మిదికి అంటారు, మొదలయ్యేది తొమ్మిదీ పావుకి. కొత్త బ్యాచ్ సంక్రాంతి తర్వాత. గళ్ళ నోట్‌బుక్ మీరే తెచ్చుకోండి, అక్కడ అమ్మేదాంట్లో వరసకి 30 గళ్ళే ఉన్నాయి.